హిట్లర్ యూత్ పాఠం పిల్లలకి ఎలా చెప్పాలి: పర్లాకిమిడి ట్యూషన్ మాస్టారి పద్ధతి

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్రలో నాజీయిజం పాఠం ఏళ్ల తరబడి చెబుతున్నాం. అందులో పిల్లల గురించి, బడుల గురించి, హిట్లర్ యూత్ అనే నాజీల యువజన సంఘం గురించి ఉన్న భాగం చిన్నది. చాలామంది టీచర్లు దాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని వదిలేసి గ్యాస్ ఛాంబర్ల దగ్గరికి, యుద్ధం దగ్గరికి వెళ్లిపోతారు. నన్నడిగితే పాఠం మొత్తంలో పిల్లలకి సూటిగా తగిలే చోటు అదే. పద్నాలుగేళ్ల వాళ్లకి పద్నాలుగేళ్ల వాళ్ల సంగతి ముందు చెప్పాలి. మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

నేను పర్లాకిమిడిలో సాయంత్రాలు సోషల్ ట్యూషన్ చెబుతాను. ఊరు ఒడిశాది, గజపతి జిల్లా కేంద్రం. కానీ బజార్లోకి వెళ్తే తెలుగు ఎంత వినిపిస్తుందో ఒడియా అంత. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. మా పిల్లలు బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు రాయడం చాలామందికి రాదు. అందుకని పుస్తకం ఇంగ్లీషుది, బోర్డు మీద రాత ఇంగ్లీషుది, నోటి మాట మాత్రం తెలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరిది. ఇక్కడ కూర్చుని గ్రాంథికంలో పాఠం చెబితే ఆయన ఊరుకోరు.

నాలాంటి ట్యూషన్ మాస్టర్ల కోసం, ఇంట్లో పిల్లల్ని తామే చదివించుకునే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ముందు బోర్డు సిద్ధం చేసుకోండి

బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి 10, 14, 18 అని మూడు అంకెలు వేయండి. పదేళ్ల దగ్గర ‘యుంగ్‌ఫోల్క్’ అని రాయండి. మగపిల్లలు అక్కడ చేరతారు. పద్నాలుగు దగ్గర ‘హిట్లర్ యూత్’. పద్దెనిమిది దగ్గర ‘లేబర్ సర్వీసు (ప్రభుత్వం చేయించే తప్పనిసరి కూలిపని), తర్వాత సైన్యం’. గీత కింద ఆడపిల్లల వరస: పది నుంచి పద్నాలుగు దాకా చిన్నపిల్లల సంఘం, పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ‘జర్మన్ బాలికల లీగ్’. అప్పుడు ఒక్కొక్కరిని లేపి, ‘ఈ గీత మీద నువ్వెక్కడ? మీ తమ్ముడెక్కడ? మీ అక్క ఎక్కడ?’ అని అడగండి. చాక్‌పీసు వాళ్ల చేతికే ఇచ్చి పేరు రాయించండి. పేర్లు అలాగే ఉంచండి, పాఠం నడిచే నాలుగు రోజులూ చెరపకండి.

తేదీలు తక్కువ పెట్టుకోండి. 1922లో నాజీ పార్టీ యువజన సంఘం పెట్టారు. నాలుగేళ్లకి, 1926లో, దానికి హిట్లర్ యూత్ అని పేరు వచ్చింది. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, అయ్యాడు. 1936 డిసెంబరులో పిల్లలందరూ ఇందులోనే అనే చట్టం. 1939 మార్చిలో ఆ చట్టాన్ని అందరికీ తప్పనిసరి చేస్తూ ఆర్డర్. 1943లో బడిపిల్లలు ఫిరంగుల దగ్గరికి. 1945లో అంతా ముగిసింది. ఇంతకన్నా ఎక్కువ వేస్తే పిల్లలు అంకెలు బట్టీ కొట్టడంలో పడి మనుషుల్ని మర్చిపోతారు.

మొదటి రోజు సరదా సంగతే చెప్పండి

ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు. అయినా నేనిలాగే చెబుతాను. మొదటి రోజు శవాల ఫొటోలు వద్దు, ‘వాళ్లు దుర్మార్గులు’ అనే మాట కూడా వద్దు. దుర్మార్గం కథ విన్న పిల్లవాడు ‘నేనైతే అలాంటి దాంట్లో చేరను’ అనుకుని హాయిగా ఇంటికి పోతాడు. వాడు చేరి ఉండేవాడని వాడికే అనిపించాలి. జర్మనీలో లక్షలమంది పిల్లలు ఏడుస్తూ చేరలేదు, పరిగెత్తుకుంటూ చేరారు. ఎందుకో చెప్పండి.

టెంట్లు, నిప్పు చుట్టూ పాటలు, రాత్రిపూట అడవిలో నడక. ఇంట్లో సెలవులకి ఎక్కడికీ వెళ్లే స్తోమత లేని కూలీ కొడుకు, ఊళ్లో డాక్టరు కొడుకు ఒకే టెంట్లో పడుకుంటారు. ఒకే చొక్కా, ఒకే టై. పదిమంది పిల్లల జట్టుకి వాళ్లకన్నా కొంచెం పెద్దవాడు, పదమూడు పద్నాలుగేళ్ల కుర్రాడు, లీడరు. ‘యువతని యువతే నడపాలి’ అన్నది వాళ్ల నినాదం. అంటే మాస్టారు ఉండడు, నాన్న ఉండడు. మీ బ్యాచిలో రోజూ తిట్లు తినే కుర్రాడి వైపు చూసి ఈ మాట చెప్పండి. వాడి కళ్లు వెలుగుతాయి.

తర్వాత పరీక్ష. యుంగ్‌ఫోల్క్‌లో చేరిన పదేళ్ల పిల్లవాడు పాసవ్వాల్సినవి ఇవి: అరవై మీటర్లు పన్నెండు సెకన్లలో పరిగెత్తాలి, 2.75 మీటర్లు లాంగ్ జంప్ చేయాలి, బంతి ఇరవై అయిదు మీటర్లు విసరాలి, ఒకటిన్నర రోజు కాలినడక పోవాలి. ఇది నేను నిజంగానే చేయిస్తాను. మా వీధిలో గుడి మెట్ల నుంచి కిరాణా కొట్టు దాటేదాకా టేపు పెడితే అరవై మీటర్లు వస్తుంది. ఫోన్లో స్టాప్‌వాచ్. చెప్పులు విప్పేసి, పుస్తకాల సంచులు అరుగు మీద పడేసి వరసగా పరిగెత్తుతారు. కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన, ‘ట్యూషనా, స్పోర్ట్సా మాస్టారూ?’ అంటాడు. పన్నెండు లోపు వచ్చినవాడు గుండెలు విరుచుకుని నిలబడతాడు. పదమూడు వచ్చినవాడు ‘మాస్టారూ, చెప్పులికి రాయి తగిలింది, ఇంకోసారి’ అంటాడు, కాళ్లకి చెప్పులే లేకపోయినా. అమ్మాయిలకి వాళ్ల కొలతలు వేరే ఉండేవి, కానీ మా వీధిలో అందరికీ ఒకటే పెడతాను.

అందరూ రొప్పుతూ వచ్చి కూర్చున్నాక మిగతా సగం చెప్పండి. అదే పరీక్షలో పార్టీ పాట, హిట్లర్ యూత్ జెండా పాట అప్పజెప్పాలి. నెగ్గినవాడికి నడుముకి కత్తి పెట్టుకునే హక్కు వస్తుంది. హిట్లర్ యూత్ కత్తి మీద ‘రక్తం, గౌరవం’ అని చెక్కి ఉండేది. ఏటా ఏప్రిల్ 20న, అంటే హిట్లర్ పుట్టినరోజుకి, ఆ ఏడు పదేళ్లు నిండే పిల్లల్ని చేర్చుకుని, ఫ్యూరర్‌కి (నాయకుడికి, అంటే హిట్లర్‌కి) విధేయంగా ఉంటామని ప్రమాణం చేయించేవారు. దేశానికి అని కాదు, ఒక మనిషికి. పరుగులో నెగ్గిన కుర్రాణ్ణి అడగండి: ‘ఇంత కష్టపడి పాసయ్యావు, ఇప్పుడు ఆ ఒక్క ముక్క అననంటావా?’ జవాబు మీరు చెప్పకండి. ఆ రోజుకి ఇంటికి పంపేయండి.

రెండో రోజు: తలుపులు ఎలా మూసుకున్నాయి

1933 మొదట్లో హిట్లర్ యూత్‌లో ఉన్నది సుమారు లక్షమంది. ఆ ఏడు చివరికి ఇరవై లక్షలు దాటారు. 1937 నాటికి 54 లక్షలు. ఈ మూడు అంకెలూ బోర్డు మీద వేసి, ‘ఇందులో ఇష్టపడి చేరినవాళ్లెందరు, తప్పక చేరినవాళ్లెందరు?’ అని అడగండి. ఎవరూ తేల్చి చెప్పలేరు, చెప్పనక్కర్లేదు కూడా. ఏమేం జరిగిందో చెబుతూ పోతే చాలు. 1933 నుంచి మిగతా యువజన సంఘాలని ఒక్కొక్కటిగా మూసేశారు, లేదా ఇందులో కలిపేశారు. స్కౌట్లు పోయారు. కాథలిక్ పిల్లల సంఘాలు ఇంకొన్నాళ్లు ఈడ్చుకుని అవీ పోయాయి. ఆడుకోవాలన్నా, పిక్నిక్కి వెళ్లాలన్నా ఊళ్లో మిగిలిన సంఘం ఒక్కటే. 1936 డిసెంబరు 1 చట్టం జర్మన్ పిల్లలందరూ హిట్లర్ యూత్‌లోనే అంది. 1939 ఆర్డరుతో పేరు నమోదు చేయించని తల్లిదండ్రులకి జరిమానా, జైలు. యూదు పిల్లలకి మాత్రం ఇందులో చోటు లేదు. వాళ్లు బెంచీ మీంచి, తర్వాత బడిలోంచి, ఆ తర్వాత ఊళ్లోంచి పోయారు.

1938 డిసెంబరులో రైఖెన్‌బెర్గ్ అనే ఊళ్లో హిట్లర్ చేసిన ప్రసంగం ఒకటుంది. పదేళ్లకి మా దగ్గరికి వస్తారు, నాలుగేళ్లకి హిట్లర్ యూత్‌లోకి తీసుకుంటాం, అక్కణ్ణించి పార్టీలోకో, ఎస్‌ఏ, ఎస్‌ఎస్ అనే నాజీ సాయుధ దళాల్లోకో, తర్వాత లేబర్ సర్వీసు, తర్వాత సైన్యం, తిరిగొచ్చాక మళ్లీ మా సంఘాల్లోకే, ఇక బతికినంతకాలం వాళ్లు స్వేచ్ఛగా ఉండరు అన్నాడు. అదీ దాచిపెట్టి కాదు, సభలో గర్వంగా చెప్పాడు. ఇది చెప్పేటప్పుడు బోర్డు మీది గీతని పద్దెనిమిది దగ్గర ఆపకుండా గోడ చివరిదాకా లాగండి.

బడి సంగతి చెప్పడానికి నేను ఒక్క లెక్క వాడతాను. దీనికి టైమివ్వండి, తొందరపడొద్దు. ఏమీ చెప్పకుండా బోర్డు మీద రాయండి (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు): ‘ఒక మానసిక రోగుల ఆసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు అయ్యింది. ఒక్కోటి 15,000 మార్కుల చొప్పున ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చు?’ నోట్సులో చేయమనండి. సోషల్ క్లాసులో లెక్కేంటని గొణుగుతారు, చేస్తారు. సున్నాలు కొట్టేసి, ఆరు వేలని పదిహేనుతో భాగించి, ముందు తేల్చినవాడు ‘నాలుగొందలు’ అని అరుస్తాడు. కరెక్ట్ అని టిక్కు కొట్టండి. అందరికీ టిక్కు పడ్డాక చెప్పండి, ఇది నాజీ కాలంలో జర్మన్ బడిపిల్లల లెక్కల పుస్తకంలోది.

ఒక నిమిషం ఎవరికీ ఏమీ తట్టదు. ‘లెక్క కరెక్టే గదా మాస్టారూ, అదేటి తప్పు?’ అంటారు మా శ్రీకాకుళం యాసలో. తప్పేమీ లేదనండి. ఆ ఆసుపత్రిలో ఎవరుంటారని అడగండి. పిచ్చోళ్లు అంటారు. ఇంకా అడగండి, వాళ్లకి అమ్మానాన్నా ఉంటారా, వాళ్ల గురించి లెక్కలో ఒక్క ముక్కైనా ఉందా, అసలు ఆసుపత్రా ఇళ్లా అని ఎంచుకోమన్నదెవరు. అప్పుడు చెప్పండి. 1939లో జర్మనీలో మానసిక రోగుల్ని, వికలాంగుల్ని చంపే కార్యక్రమం రహస్యంగా మొదలైంది. టీ4 అని దాని పేరు. 1941 ఆగస్టు నాటికి గ్యాస్‌తో చంపింది డెబ్బై వేలమంది పైచిలుకు. మా దగ్గర ఒకసారి ఒకమ్మాయి అప్పటిదాకా నోరు మెదపకుండా ఉండి, తన పేజీలో తను వేసిన 400 చుట్టూ గుండ్రంగా గీస్తూ కూర్చుంది. వాళ్లింట్లో నడవలేని అన్న ఉన్నాడని నాకు తెలుసు. అలాంటి ఇంటి పిల్లలు మీ బ్యాచిలో ఉంటే ముందే ఒకసారి పక్కకి పిలిచి, ఇవాళ ఇలాంటిది వస్తుందమ్మా అని చెప్పండి.

ఇదొక్కటీ సరిగ్గా చెబితే, జాతి శాస్త్రం అనీ, యూదుల్ని విషపు పుట్టగొడుగులతో పోల్చిన బొమ్మల పుస్తకాలనీ, పిల్లల మనసు గట్టిపడాలని బడిలో బాక్సింగ్ పెట్టడం అనీ విడివిడిగా వివరించే పని తగ్గుతుంది. పుస్తకంలో ఉన్నవి చదివించి వదిలేయండి.

మూడో రోజు: ఆటలోంచి తుపాకీలోకి

వరస ఇలా రాయండి: కాలినడక, మ్యాపు చూడటం, దాక్కుని శత్రు జట్టుని పట్టుకునే ఆట, గాలి తుపాకీ, అసలు తుపాకీతో గురి, మోటారుబళ్లు, గ్లైడర్లు. ఏ మెట్టు దగ్గర ఆట అయిపోయి సైన్యం మొదలైందో ఒక అడ్డగీత పెట్టమనండి. ఒక్కొక్కరు ఒక్కోచోట పెడతారు. వాదించుకోనివ్వండి. కొందరు గీత పెట్టలేక చాక్‌పీసు తిరిగి ఇచ్చేస్తారు, వాళ్లని మెచ్చుకోండి.

1943 నుంచి హైస్కూలు పిల్లల్ని క్లాసులకి క్లాసులే విమాన విధ్వంసక ఫిరంగుల దగ్గర పెట్టారు. పదిహేను, పదహారు, పదిహేడేళ్లు. బడి ఆగిపోలేదని చూపించడానికి టీచర్లే ఫిరంగుల దగ్గరికి వచ్చి పాఠాలు చెప్పేవారు. రాత్రంతా బాంబర్ల మీద కాల్పులు, పొద్దున లాటిన్. అదే ఏడు హిట్లర్ యూత్ పేరుతోనే ఒక ఎస్‌ఎస్ ట్యాంకు డివిజన్ పెట్టారు, పన్నెండోది. అందులో ఎక్కువమంది 1926లో పుట్టినవాళ్లు. సిగరెట్ రేషనుకి వయసు చాలదని వాళ్లకి సిగరెట్లకి బదులు మిఠాయిలు ఇచ్చారు. ఈ ఒక్క సంగతి పిల్లలకి ఎప్పటికీ గుర్తుంటుంది. కానీ దీన్ని జాలికథగా ముగించకండి. 1944 జూన్‌లో నార్మండీలో ఆ డివిజను వాళ్లే లొంగిపోయిన కెనడా సైనికుల్ని కాల్చి చంపారు. ‘మరి వాళ్లు పిల్లలా, హంతకులా మాస్టారూ?’ అని అడుగుతారు. రెండూ అనే అంటాను నేను.

1944 శరదృతువులో పదహారు నుంచి అరవై ఏళ్ల మగవాళ్లందర్నీ ఫోక్‌స్టుర్మ్ అనే దళంలోకి లాగారు. 1945 మార్చిలో హిట్లర్ తన కార్యాలయం తోటలో కుర్రాళ్లకి పతకాలు పెట్టి బుగ్గలు నిమిరిన న్యూస్‌రీలు ఉంది. వాళ్లలో ఒకడికి పన్నెండేళ్లు. ఏప్రిల్లో బెర్లిన్ వంతెనల దగ్గర భుజం మీద ట్యాంకుని పేల్చే గొట్టంతో నిలబడ్డవాళ్లు పిల్లలే. హిట్లర్ ఆ నెల 30న తనని తాను కాల్చుకున్నాడు. పిల్లల్ని అక్కడ నిలబెట్టిన యూత్ నాయకుడు ఆర్టుర్ ఆక్స్‌మాన్ తప్పించుకుని 1996 దాకా బతికాడు. అతనికి ముందు నాయకుడు బాల్డుర్ ఫాన్ షిరాఖ్‌కి యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో జరిగిన నాజీ నాయకుల విచారణలో ఇరవై ఏళ్ల శిక్ష పడింది, 1966లో బయటికొచ్చాడు. ‘వాళ్లకేటైంది?’ అని పిల్లలు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఈ రెండు జవాబులూ దగ్గర పెట్టుకోండి.

ఎదురు తిరిగినవాళ్ల గురించి కూడా ఈ రోజే చెప్పండి. హాంబుర్గ్‌లో హెల్మూత్ హ్యూబెనర్ అనే కుర్రాడు దొంగచాటుగా బీబీసీ విని, విన్నది కరపత్రాలుగా టైపు చేసి పంచాడు. 1942 అక్టోబరులో తల తీసేశారు, అప్పటికి పదిహేడేళ్లు. మ్యూనిక్‌లో నాజీలకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు 1943 ఫిబ్రవరిలో చంపేసిన సోఫీ షోల్‌కి ఇరవై ఒకటి. ఆమె, వాళ్లన్న హన్స్ ఇద్దరూ మొదట్లో ఈ సంఘాల్లో ఉత్సాహంగా తిరిగినవాళ్లే. అందుకే నాకు వాళ్ల కథ ఎక్కువ పనికొస్తుంది. కొలోన్‌లో ఎడెల్‌వైస్ పైరేట్స్ అని గిటార్లు పట్టుకుని తిరిగే పనివాళ్ల పిల్లలు ఉండేవారు, హిట్లర్ యూత్ గస్తీవాళ్లతో కొట్లాటలు పెట్టుకునేవారు. 1944 నవంబరులో అక్కడ విచారణ లేకుండా పదమూడుమందిని నడివీధిలో ఉరి తీశారు, వాళ్లలో పదహారేళ్లవాళ్లూ ఉన్నారు. వీళ్లు కొద్దిమందేనని కచ్చితంగా చెప్పండి. లేకపోతే క్లాసులో ప్రతివాడూ తానే హ్యూబెనర్ అనుకుంటాడు.

మిగతా దేశాలు

అన్నీ చెప్పాలని చూడకండి, కలిపేయకండి. ఇటలీలో ముస్సోలినీ 1926లోనే బలిల్లా సంస్థ పెట్టాడు, పిల్లల సైజుకి తగ్గించి చేసిన తుపాకులు ఇచ్చాడు. అది నాజీలు అధికారంలోకి రావడానికి ఏడేళ్ల ముందు. సోవియట్ యూనియన్‌లో పయనీర్లు అనే పిల్లల సంఘం 1922లో మొదలైంది. అక్కడ చెప్పాల్సింది పావ్లిక్ మొరోజోవ్ గురించి. 1932లో హత్యకి గురైన పల్లెటూరి కుర్రాడు. కన్నతండ్రి మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేసిన వీరబాలుడని అతనికి విగ్రహాలు కట్టి, బడిపిల్లలందరికీ ఆదర్శంగా చూపించారు. ఆ కథలో ఎంత నిజమో చరిత్రకారులు ఇప్పటికీ అనుమానిస్తారు. పిల్లల చేత కంఠతా పట్టించిన కథ మాత్రం అదే. కంబోడియాలో 1975 నుంచి 79 దాకా ఏలిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు పార్టీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి, ‘అంగ్కార్’ అంటే సంస్థే మీ అమ్మానాన్నా అని చెప్పి, పెద్దవాళ్ల మీద నిఘాకి, జైళ్ల కాపలాకి పెట్టింది. తొమ్మిదో తరగతికి కంబోడియా ఒక్క పేరాకి మించి వద్దని నా అభిప్రాయం. టెన్షన్ పడి రాత్రి నిద్రపోరు.

నాలుగో రోజు: మన ఊరి ప్రశ్నలు

ఈ రోజంతా ప్రశ్నలకే వదిలేయండి. మొదటిది ఎప్పుడూ ఒకటే: ‘మరి ఎన్‌సీసీ? ఆగస్టు పదిహేనుకి మేమూ పెరేడ్ చేస్తాం గదా?’ మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. పెరేడు ఒకటే, తుపాకీ శిక్షణ కూడా కొంత ఒకటే. కాబట్టి తేడా పెరేడులో వెతకొద్దని చెప్పి ఇవి అడగమనండి: ఇష్టం లేకపోతే మానేయొచ్చా? పక్కనే స్కౌట్లో, ఇంకో సంఘమో ఉండనిస్తున్నారా? ప్రమాణం ఎవరి పేరు మీద? ఇంట్లో మాట్లాడుకున్నది వచ్చి చెప్పమంటున్నారా? వీళ్లు మనుషులే కాదని ఎవరినైనా చూపిస్తున్నారా? ఎన్‌సీసీ 1948 చట్టంతో వచ్చింది, ఇష్టమున్నవాళ్లు చేరతారు, ఇష్టం లేనివాళ్లు మానేస్తారు. ఇవే ప్రశ్నలు వాట్సాప్ గ్రూపుకీ, ఊళ్లో ఏ జెండా పట్టుకుని పిల్లల్ని పోగేసేవాళ్లకైనా వేసుకోవచ్చని చెప్పి ఆపేయండి. ఏ పార్టీ పేరూ మీ నోట రానివ్వకండి. పిల్లలు పేర్లు వాళ్లే నింపుకుంటారు.

రెండోది మా కొండల ప్రశ్న. ‘అన్నలు కూడా పిల్లల్ని తీసుకెళ్లేవారంట గదా?’ 2006 మార్చిలో మా జిల్లా ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేసి జైలు బద్దలుకొట్టిన సంగతి ఇక్కడి పెద్దవాళ్లకి ఇంకా గుర్తే, కాబట్టి ఈ మాట వస్తుంది. ఉన్నది చెప్పండి. మావోయిస్టు దళాలు పిల్లల్ని చేర్చుకున్నాయనీ, పిల్లలకి వేరే సంఘాలు పెట్టాయనీ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నివేదికల్లో ఉంది. మన దేశంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షను ప్రకారం సాయుధ ముఠాలు పిల్లల్ని చేర్చుకుంటే ఏడేళ్ల దాకా కఠిన జైలు, అయిదు లక్షల జరిమానా. కానీ అడవిలో దళం, ఒక దేశం మొత్తం బడుల్ని చేతిలో పెట్టుకున్న ప్రభుత్వం ఒకటి కావని కూడా చెప్పండి. హిట్లర్ యూత్‌కి అడవి అక్కర్లేదు, హాజరుపట్టీ చాలు. మీ బ్యాచిలో కొండ గ్రామాల సవర పిల్లలు ఉంటే ఈ ప్రశ్న వాళ్ల వైపు తిప్పకండి. ‘మీ ఊరికి వచ్చేవారా?’ అని అందరి ముందూ అడగడం కన్నా మోటు పని ఉండదు.

మూడోది పిల్లల నోట వచ్చినా పెద్దవాళ్ల మాట: ‘హిట్లర్ లాంటోడు ఒకడు రావాల, అప్పుడు గానీ ఈ దేశం బాగుపడదు అంటాడు మా నాన్న.’ మీ నాన్న తప్పు అనకండి. పిల్లల్ని ఇంటికి పంపి తండ్రులతో వాదన పెట్టించడం ఈ పాఠంలో వాళ్లు చేసిన పనే, మనం చేయకూడదు. హిట్లర్ పన్నెండేళ్లు ఏలాక జర్మనీ ఎలా ఉందో, బెర్లిన్ ఫొటో ఒకటి చూపించి, దేశం రెండు ముక్కలై 1990 దాకా కలవలేదని చెప్పి ఊరుకోండి.

చేయకూడనివి

డ్రామా వేయించకండి. యూనిఫాంలు, సెల్యూట్లు, బ్యాడ్జీలు, నినాదాలు ఏవీ వద్దు. 1967లో అమెరికాలో పాలో ఆల్టో అనే ఊళ్లో రాన్ జోన్స్ అనే చరిత్ర టీచరు, నాజీయిజం ఎలా పట్టుకుంటుందో చూపిద్దామని క్లాసులో ఒక ఉత్తుత్తి ఉద్యమం పెట్టాడు. క్రమశిక్షణ, సెల్యూట్, సభ్యత్వ కార్డులు. పిల్లలు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పడం మొదలుపెట్టారు, వేరే క్లాసులవాళ్లు వచ్చి చేరారు. వారం తిరక్కుండా ఆయనే భయపడి ఆపేశాడు. పరుగు పందెం వేరు, ఇది వేరు.

యూట్యూబ్‌లో దొరికే పాత కవాతు ఫిల్ములు చూపించాలనుకుంటే సౌండు తీసేసి చూపించండి. అవి తీసింది వాళ్లే, పిల్లలకి గగుర్పాటు కలగాలని తీశారు, ఇప్పటికీ కలుగుతుంది. ఒక నిమిషం చాలు. మధ్యలో ఆపి, వరసలో ఒక్క మొహాన్ని ఎంచుకోమని, వాడికి ఎన్నేళ్లుంటాయో బోర్డు మీద గీతతో పోల్చి చెప్పమనండి.

పరీక్ష సంగతి

అయిదు మార్కుల ప్రశ్న సాధారణంగా ‘నాజీ జర్మనీలో బడులు, యువజన సంఘాలు’ మీద వస్తుంది. మా పిల్లలకి నేను రాయించే వరస: బడుల నుంచి యూదు టీచర్లనీ పిల్లలనీ పంపేయడం, పాఠ్యపుస్తకాలు తిరగరాయడం, జాతి సిద్ధాంతం, ఆటలూ బాక్సింగూ, పదేళ్లకి యుంగ్‌ఫోల్క్, పద్నాలుగుకి హిట్లర్ యూత్, పద్దెనిమిదికి లేబర్ సర్వీసు, ఆపైన సైన్యం. 1922, 1926 రెండూ రాయాలి. లెక్క ఉదాహరణగా రాస్తే పేపరు దిద్దేవాళ్లకి నచ్చుతుంది, కానీ రెండు లైన్లు మించొద్దు. యుంగ్‌ఫోల్క్ స్పెల్లింగ్ ఇంగ్లీషులో ‘జె’తో మొదలవుతుంది. మావాళ్లు విన్నట్టే ‘వై’ పెట్టేస్తారు. నోట్సులో అయిదుసార్లు రాయించి సంతకం పెట్టండి.